‘ఏమీ కాదు’ అని నేను చెప్పను

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 36 ఏళ్లు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. మా ఆయన లెక్చరర్. పాపకు ఎనిమిదేళ్లు. మూడేళ్ల క్రితం మా వీధి చివర ఒక ఇంట్లో గ్యాస్ లీకై మంటలు వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు గానీ అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. పొద్దున్న బయల్దేరే ముందు స్టవ్, రెగ్యులేటర్, గీజర్, ఇస్త్రీపెట్టె స్విచ్, చివరికి తాళం అన్నీ చూసుకోవాలి. మొదట్లో రెండోసారి చూస్తే సరిపోయేది. ఇప్పుడు అరగంట దాటుతోంది. ఒక్కో నాబ్ పట్టుకుని ‘ఆఫ్, ఆఫ్, ఆఫ్’ అని పైకి అనాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి. ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్తాను. సీట్లో కూర్చుని చూసుకుంటే అది నిన్నటి ఫొటో ఏమోనని అనుమానం. పర్మిషన్ పెట్టి ఇంటికి వచ్చేసిన రోజులూ ఉన్నాయి. మా ఆయన బండి తీసేటప్పుడు మూడుసార్లు ‘జాగ్రత్త’ అనకపోతే ఆయనకు యాక్సిడెంట్ అవుతుందనిపిస్తుంది. ఇదంతా అర్థం లేనిదని నాకు తెలుసు. తెలిసీ ఆపలేను. అత్తగారు చాదస్తం అంటారు. మా అమ్మ తాయెత్తు కట్టించింది. మా ఆయన మొదట్లో ఓపిగ్గా ‘ఆపావులే’ అనేవారు, ఇప్పుడు అరుస్తున్నారు. మొన్న స్కూలుకు బయల్దేరుతూ మా పాప ‘అమ్మా, గ్యాస్ ఆపావా?’ అని అడిగింది. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాను. నాకు పిచ్చి పడుతోందా? మందులు లేకుండా తగ్గుతుందా? పాపకు కూడా వస్తుందా? ఏమీ కాదని మీరైనా ఒక్కసారి చెప్పండి మేడమ్.

సమాధానం: మీ చివరి మాటతోనే మొదలుపెడతానమ్మా. ఏమీ కాదని చెప్పమన్నారు. చెప్పను. కఠినంగా ఉంటుందని తెలుసు. కానీ ఆ మాట మీ ఆయన ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో ఆలోచించండి. చెప్పిన ప్రతిసారీ మీ ప్రాణం కాస్త కుదుటపడే ఉంటుంది. ఎంతసేపు? గేటు దాటేవరకా, ఆఫీసు మెట్లెక్కేవరకా? నేను చెప్పినా అంతే. ఇది చదవడం పూర్తికాకముందే ‘ఆవిడ మా వంటింట్లోకి వచ్చి చూడలేదు కదా, ఆవిడకేం తెలుసు’ అనిపిస్తుంది. ఇంకొకరి భరోసాతో తగ్గేదే అయితే మీకు ఈపాటికి తగ్గిపోయి ఉండాలి.

మిగతా మూడు ప్రశ్నలకూ జవాబిస్తాను.

పిచ్చి కాదు. ఉత్తరం చదివి రోగం పేరు తేల్చకూడదు, అది డాక్టరు ఎదురుగా కూర్చుని, మాట్లాడి, చేయాల్సిన పని. అయితే మీరు రాసిన తీరు చూస్తే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అందరూ ఓసీడీ అంటున్నదే, అయ్యుండాలని నాకు బలంగా అనిపిస్తోంది. ఇందులో రెండు భాగాలుంటాయి. మనం పిలవకుండానే వచ్చి కూర్చునే ఒక భయంకరమైన ఆలోచన, ఆ ఆలోచన పుట్టించిన టెన్షన్ దిగడానికి మనం చేసే ఒక పని. ఇల్లు కాలిపోతుందేమో అన్నది మొదటిది, నాబ్ పట్టుకుని ‘ఆఫ్’ అనడం రెండోది. నూటికి ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. ఎక్కువమందికి పాతికేళ్లలోపే మొదలవుతుంది. మీ విషయంలో కూడా, మంటలు చూసిన రోజే మొదలైందని రాశారు గానీ, కాస్త వెనక్కి వెళ్లి చూసుకోండి. పరీక్ష పేపర్ మీద హాల్‌టికెట్ నంబరు పదేపదే సరిచూసుకోవడం, పడుకునే ముందు వీధి గడియ రెండోసారి చూసి రావడం లాంటివి చదువుకునే రోజుల్లోనే ఉండేవా? ఉంటే డాక్టరుకు చెప్పండి. చాలామందికి ఏదో ఒక సంఘటన కారణంలా కనిపిస్తుంది, నిజానికి అప్పటికే లోపల ఉన్నది ఆ రోజు బయటపడుతుంది.

ఇలాంటి ఆలోచన రావడంలో వింతేమీ లేదు. 1978లో లండన్‌లో రాక్‌మన్, శ్రీలంక నుంచి వెళ్లిన డిసిల్వా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగి చూశారు. వాళ్లలో చాలామంది తమకూ ఇలాంటి పాడు ఆలోచనలు వస్తాయన్నారు. విడిగా రాసి చూపిస్తే ఏది రోగిది, ఏది మామూలు మనిషిది అని నిపుణులే సరిగ్గా విడదీయలేకపోయారు. తేడా ఆలోచనలో లేదు, దాన్ని పట్టించుకోవడంలో ఉంది. మా అక్కకు ‘గ్యాస్ ఆపానా?’ అనిపిస్తే ‘ఆపే ఉంటాన్లే’ అనుకుని బస్సెక్కేస్తుంది. మీకు అదే ప్రశ్న వస్తే, దానికి జవాబు దొరికేదాకా కాలు కదలదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో స్టవ్, తాళం గురించి చెప్పుకునేవాళ్లు కాస్త నయం. నలుగురిలో చెప్పినా నవ్వుతారు, అంతే. చెప్పుకోలేని రకాలున్నాయి. బిడ్డను ఎత్తుకుని బాల్కనీలో నిలబడితే ‘పడేస్తానేమో’ అనిపించే తల్లి, గర్భగుడి ముందు చేతులు జోడించగానే నోట రాని బూతుమాట మనసులో మెదిలే పెద్దాయన, బండి గుంతలో పడి ఎగిరితే ‘ఎవరినో గుద్దేశాను’ అనుకుని అదే రోడ్డులో వెనక్కూ ముందుకూ తిరిగే కుర్రాడు. వీళ్లంతా ఆ పని చేసేవాళ్లు కాదు. ఆ ఆలోచన చూసి వీళ్లు అంతగా హడలిపోవడానికి కారణం అది వాళ్ల స్వభావానికి పూర్తిగా విరుద్ధం కావడమే. ఈ ఉత్తరం చదువుతున్న వాళ్లలో అలాంటివారు ఎవరైనా ఉంటే, మీరు రాక్షసులు కారు, మీకున్నదీ ఇదే జబ్బు, దీనికీ ఇదే వైద్యం.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఎక్కువసార్లు చూస్తే నమ్మకం పెరుగుతుందని అనుకుంటున్నారు. జరుగుతున్నది దానికి పూర్తిగా తలకిందులు.

2003లో నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కిండ్ట్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులను తీసుకుని ఒక పరీక్ష పెట్టారు. వాళ్లెవరికీ ఓసీడీ లేదు. కంప్యూటర్ తెర మీద ఒక గ్యాస్ స్టవ్ బొమ్మ, దానికి నాబ్‌లు. వాటిని వెలిగించి, ఆపి, ఆపామో లేదో చూడమన్నారు. కొందరి చేత అదే పనిని పదేపదే చేయించారు. మిగతావాళ్ల చేత స్టవ్ బదులు బల్బులు సరిచూసే పని చేయించారు. చివర్లో అందరి చేతా ఒక్కసారి స్టవ్ చూపించి, ఏ నాబ్‌లు ముట్టుకున్నారో గుర్తు చేసుకోమన్నారు. రెండు గుంపులవాళ్లూ దాదాపు ఒకేలా సరైన జవాబులు చెప్పారు. జ్ఞాపకానికి ఏమీ కాలేదు. కానీ స్టవ్‌ను పదేపదే చూసినవాళ్లకు మాత్రం ఆ జ్ఞాపకం మసకబారినట్టు, తమ మీద తమకే నమ్మకం లేనట్టు అనిపించింది. తెర మీద బొమ్మ కాబట్టి అలా అయిందేమో అనుకోవచ్చు. 2006లో కెనడాలో మాంట్రియల్ నగరంలో నిజమైన వంటింట్లో, నిజమైన స్టవ్ మీద చేసినప్పుడు కూడా అంతే తేలింది.

అర్థమైంది కదా. ఆరోగ్యంగా ఉన్న కుర్రకారుకే కాసేపట్లో అలా అయిందంటే, మూడేళ్లుగా రోజూ చేస్తున్న మీకు ఎలా ఉంటుంది? మీ జ్ఞాపకశక్తి బాగానే ఉంది. మీరు ఒకే పనిని, ఒకే నాబ్ మీద, ఒకే మాటతో అన్నిసార్లు చేస్తున్నారు కాబట్టి ఏ ఒక్కసారీ విడిగా గుర్తుండదు. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిసిపోతాయి. ఫొటో చూసి ‘ఇది నిన్నటిదేమో’ అనిపించడం అందువల్లే. ఫోన్‌లో తేదీ, టైమూ కనిపిస్తూనే ఉంటాయి, అయినా నమ్మకం కుదరదు. ఎందుకంటే మీరు వెతుకుతున్నది సమాచారం కాదు, ‘ఇక చాలు’ అనే ఒక అనుభూతి. దాన్ని ఎంత వెతికితే అంత దూరం పోతుంది. అనుమానం పెనుభూతం అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కాకపోతే దానికి రోజూ అన్నం పెట్టి పెంచుతున్నది ఈ సరిచూసుకోవడమేనని వాళ్లు విడమర్చి చెప్పలేదు.

మీకు మీ బ్యాంకు పద్ధతిలోనే చెప్తాను. మీ దగ్గర ఒకరు ఎంట్రీ వేస్తారు, ఇంకొకరు చూసి పాస్ చేస్తారు. మేకర్, చెకర్. పాస్ అయిన వోచర్‌ను చెకర్ మళ్లీ తెరిచి, మళ్లీ మూసి, పక్క కౌంటర్ ఆవిడను పిలిచి ‘నేను పాస్ చేశానంటావా?’ అని అడుగుతూ కూర్చుంటే ఆ బ్రాంచ్ సాయంత్రానికి తాళం పడదు. తప్పులూ తగ్గవు, పైగా పెరుగుతాయి. ఒక్కసారి చూసినదాంట్లో ఎక్కడో లక్షకొకటి తప్పు దొర్లవచ్చని తెలిసే ఆ పద్ధతి పెట్టారు. ఆ మిగిలిన కాస్త రిస్కుతోనే దేశంలో బ్యాంకులన్నీ నడుస్తున్నాయి. మీరూ రోజూ ఆ రిస్కుతోనే సంతకాలు పెడుతున్నారు, ఇంటి దగ్గర మాత్రం ఒప్పుకోవడం లేదు.

కాబట్టి ఇంట్లో చేయాల్సిన నిజమైన జాగ్రత్తలు ఎంతవరకో ముందు తేల్చుకుందాం, ఎందుకంటే గ్యాస్ విషయంలో అసలు జాగ్రత్తే వద్దని నేననడం లేదు. వంట అయ్యాక బర్నర్ నాబ్ ఆపాలి. బయటికి వెళ్లేటప్పుడు, రాత్రి పడుకునే ముందు సిలిండర్ రెగ్యులేటర్ ఆపాలి. ఐఎస్ఐ గుర్తున్న రబ్బరు ట్యూబు వాడాలి, ఐదేళ్లకోసారి మార్చాలి. వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా తలుపులు, కిటికీలు తీసి, రెగ్యులేటర్ కట్టేసి, బయటికి వచ్చి గ్యాస్ లీక్ ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయాలి. గ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు, లీకైతే తెలియాలనే ఆ ఘాటు వాసన కలుపుతారు. అంతే. రాష్ట్రంలో ఏ ఇల్లాలికైనా జాగ్రత్త ఇంతే. రెగ్యులేటర్‌ను ఒకసారి తిప్పి ఆపడం జాగ్రత్త. రెండోసారి ముట్టుకోవడం జబ్బుకు చేసే ఊడిగం. ఈ గీత ఎక్కడుందో ప్రశాంతంగా ఉన్నప్పుడు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే పొద్దున్న తొమ్మిదింటికి గుమ్మంలో నిలబడి ఆ గీత ఎక్కడని మనసును అడిగితే అది అబద్ధం చెప్తుంది.

వైద్యం సంగతి. దీనికి పనిచేసే మానసిక చికిత్సను ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు, క్లుప్తంగా ఈఆర్‌పీ. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన ఆసుపత్రిలో ఉన్న రోగుల మీద మొదట ప్రయత్నించి రాశారు. అంతకుముందు ఈ జబ్బు దాదాపు కుదరదనే అనుకునేవారు. ఆయన చేసిందల్లా రోగిని భయపడే పరిస్థితిలో ఉంచి, ఆ భయం దించుకోవడానికి చేసే తంతును చేయనివ్వకుండా పక్కన మనిషిని పెట్టడం. వినడానికి మొరటుగా ఉంది కదూ. ఇప్పుడు అంత మొరటుగా చేయరు. రోగి ఒప్పుకున్న మేరకు, చిన్న మెట్టు నుంచి మొదలుపెడతారు.

మీ విషయంలో మెట్లు ఎలా ఉండొచ్చో చెప్తాను, ఇది మీ థెరపిస్టుతో కూర్చుని మార్చుకోవాల్సిన చిత్తుప్రతి అనుకోండి. నాబ్ పట్టుకుని చూసే పని ముందు ముట్టుకోను. మొదట పోవాల్సింది ఫొటో. అది కొత్త టెక్నాలజీ వేషం వేసుకున్న పాత జబ్బు. తలుపు దగ్గర ఉన్న బాధ చాలక దాన్ని జేబులో పెట్టుకుని ఆఫీసుకు కూడా తీసుకెళ్తున్నారు. ముందు ఫొటో తీసుకోండి గానీ లంచ్ దాకా తెరవకండి. తర్వాత అసలు తీయకండి. ఆ పైన పైకి ‘ఆఫ్’ అనడం మానాలి. మధ్యలో పాప పలకరించినా మొదటికి వెళ్లకుండా ఎక్కడ ఆగారో అక్కడి నుంచే కొనసాగించాలి. ఇది మీకు ఫొటో మానడం కంటే కష్టంగా ఉంటుందని నా అంచనా, ఎందుకంటే లెక్క తప్పితే ఏదో లోటు మిగిలిందన్న బాధ భయం కంటే ఎక్కువ గుచ్చుతుంది. తర్వాత గీజర్, ఇస్త్రీపెట్టె, తాళం, చివర్న స్టవ్. తాళం ఒకసారి వేసి, ఒక్కసారి లాగి చూసి, వెనక్కి తిరగకుండా మెట్లు దిగాలి.

దిగాక ఏమవుతుంది? గుండె దడ, చేతులకు చెమట, కడుపులో తిప్పుడు. ‘ఇవాళే నిజంగా ఆపలేదు’ అని మనసు ఒట్టు పెట్టి మరీ చెప్తుంది. అప్పుడు ‘లేదు, ఆపాను, నాకు గుర్తుంది’ అని వాదించకండి. వాదన కూడా సరిచూసుకోవడమే, కళ్లు మూసుకుని వంటింట్లోకి తిరిగి వెళ్లడమే. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. చేతులతో మానేస్తారు, మనసులో మాత్రం స్టవ్ దగ్గర నుంచి గేటు దాకా సినిమాలా మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంటూ ఉంటారు. దానికి బదులు ‘ఆపానేమో, ఆపలేదేమో, తెలియకుండానే ఇవాళ పని చేసుకుంటాను’ అనండి. ఒళ్లు జలదరిస్తోంది కదూ? మందు అక్కడే ఉంది. ఆ దడ దానంతట అది పెరిగి, కాసేపు నిలిచి, మెల్లగా దిగుతుంది. కొన్ని రోజులు సాయంత్రం దాకా దిగకపోవచ్చు కూడా. దిగలేదని ఓడిపోయినట్టు కాదు. దడతోనే క్యాష్ లెక్కపెట్టారు, దడతోనే లంచ్ చేశారు, ఆ రోజు మీ మెదడు నేర్చుకున్నది అది. భయం ముందు పోవాలి, తర్వాత మామూలుగా బతుకుతాను అనుకుంటే ఎప్పటికీ మొదలవదు. వరస తిరగేయాలి.

వెనకబడే రోజులుంటాయి. పండక్కి ఊరెళ్లేటప్పుడు, ఒంట్లో బాగోనప్పుడు, నెలసరి ముందు, నిద్ర చాలనప్పుడు జబ్బు మళ్లీ తలెత్తుతుంది. మరుసటి రోజు అదే మెట్టు మీద నిలబడండి, చాలు.

మూడుసార్లు ‘జాగ్రత్త’ అనడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇది తేలిగ్గా దాక్కుంటుంది. బయల్దేరేటప్పుడు తుమ్మితే ఒక నిమిషం కూర్చునే ఊళ్లో, పిల్లి ఎదురొస్తే ఆగే వీధిలో మీ మూడు ‘జాగ్రత్త’లు ఎవరి కంటికీ జబ్బులా కనపడవు. నాకు శకునాల మీద నమ్మకం లేదు, అది నా సంగతి. నమ్మేవాళ్లకూ మీకూ తేడా ఉంది. తుమ్మినందుకు కూర్చున్నావిడ లేచి నీళ్లు తాగి వెళ్లిపోతుంది, దారిలో దాని ఊసే ఉండదు. ఆచారం ఒకసారి చేస్తే తీరిపోతుంది, మనసుకు నిండుగా ఉంటుంది. మీరు మూడుసార్లు అన్నాక కూడా ‘రెండోది సరిగ్గా పలికానా?’ అని వెనక్కి వెళ్తున్నారేమో చూసుకోండి. ఎంత చేసినా తీరనిది ఆచారం కాదు. ఒక మాట మనసులో అనుకున్నంత మాత్రాన, అనుకోనంత మాత్రాన ఆ బండికి ఎదురొచ్చే లారీ దారి మారదు. ఆయన హెల్మెట్ పెట్టుకుంటున్నారా లేదా అన్నది మాత్రం నిజంగా తేడా తెస్తుంది. ఒకసారి ‘జాగ్రత్త’ అనండి, భార్యలు అంటారు. కొన్నాళ్లకు ఏమీ అనకుండా ‘వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి’ అని పంపండి. ఆ రోజు సాయంత్రం ఆయన వచ్చేదాకా ప్రాణం గిలగిల్లాడుతుంది, ఫోన్ చేయకుండా ఉండటమే ఆ రోజు చేయాల్సిన సాధన.

తాయెత్తు విప్పేయమని నేను చెప్పను. అమ్మ ప్రేమగా కట్టించింది, ఉంచుకోండి. కానీ భయం వేసినప్పుడల్లా దాన్ని పట్టుకుని ఊరట తెచ్చుకోవడం మొదలుపెడితే అది ఇంకో నాబ్ అవుతుంది.

మందులు. లేకుండా తగ్గుతుందా అంటే, జబ్బు తేలిగ్గా ఉన్నప్పుడు ఈఆర్‌పీ ఒక్కటే చాలినవాళ్లు ఉన్నారు. మీకు రోజులో ఎంత సమయం పోతోంది? పొద్దున్న అరగంట పైన, ఆఫీసులో ఆలోచనలు, పర్మిషన్లు, ఏడుపు. కాబట్టి మందులు వద్దని ముందే తలుపు వేసుకోకండి. ఓసీడీకి ఇచ్చేవి ప్రధానంగా ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం మాత్రలు, డిప్రెషన్‌కూ ఇవే వాడతారు. ఫ్లూఆక్సెటిన్, ఫ్లూవోక్సమిన్, సెర్ట్రలిన్ లాంటివి. ఇవి చాలక పోతే క్లోమిప్రమిన్ అనే పాత మందు ఉంది, దాని సైడ్ ఎఫెక్టులు కాస్త ఎక్కువ. ఇక్కడ రెండు సంగతులు తెలియక చాలామంది మధ్యలో మానేస్తారు. డిప్రెషన్‌కు ఇచ్చే డోసు కంటే ఓసీడీకి తరచూ ఎక్కువ డోసు కావాలి. పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. పది రోజులు వేసుకుని, వికారంగా ఉందని, గుణం కనపడలేదని ఆపేస్తే ఆ వికారం మాత్రమే మీకు మిగులుతుంది. ఇవి మత్తుమందులు కావు, అలవాటు పడిపోయి ఇంకా ఇంకా కావాలనిపించేవి కావు. అయితే ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే మొదటి రోజే డాక్టరుకు చెప్పండి.

ఒక హెచ్చరిక. మెడికల్ షాపులో ‘టెన్షన్‌కు ఏదైనా ఇవ్వండి’ అని అడిగితే అల్‌ప్రజోలామ్ లాంటిది చేతిలో పెట్టేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అది ఓసీడీకి మందు కాదు. మానలేని అలవాటుగా మారేది అదే.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ముందు సైకియాట్రిస్టు. కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. తెలంగాణవాళ్లకు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేకంగా క్లినిక్ నడుస్తోంది, ఇక్కడ ఎంత ప్రయత్నించినా తగ్గనివాళ్లు అక్కడికి వెళ్లొచ్చు. మొహమాటంగా ఉంటే, ఊళ్లో ఎవరైనా చూస్తారని బెరుకుగా ఉంటే, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదు అనే ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆ నంబరుకు ఫోన్ చేయండి. థెరపీకి వెళ్లినప్పుడు ‘మీరు ఈఆర్‌పీ చేయిస్తారా?’ అని మొహమాటం లేకుండా అడగండి. వారం వారం కూర్చోబెట్టి చిన్నప్పటి సంగతులు మాట్లాడించి, ‘రిలాక్స్ అవ్వండి, పాజిటివ్‌గా ఆలోచించండి’ అని పంపేవాళ్లు ఉంటారు. మంచివాళ్లే. ఈ జబ్బుకు అది చాలదు.

పాప గురించి. తల్లికో తండ్రికో ఓసీడీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువన్నది నిజం, మీ దగ్గర దాచను. అయినా అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి రాదన్నది కూడా అంతే నిజం. మొన్న పాప అడిగిన ప్రశ్న జబ్బు కాదు. మీ ఇంట్లో బయటికి వెళ్లేముందు అందరూ అనే మాట అదే కాబట్టి తనూ అంది, ఎనిమిదేళ్ల పిల్లలు నేర్చుకునేదే అలా. ఈసారి అడిగితే ఏడవకండి, ‘ఆపాను, ఆపాను బంగారం’ అని పదిసార్లు చెప్పకండి. ‘అది అమ్మ చూసుకునే పని, నువ్వు షూ వేసుకో’ అనండి. వీలైతే ఒక ఆదివారం కూర్చోబెట్టి, ‘అమ్మ మనసుకు అనుమానం ఎక్కువగా వస్తోంది, డాక్టరు దగ్గర నేర్చుకుంటున్నాను, నీ తప్పేమీ లేదు’ అని చెప్పండి. పిల్లలకు అంతకంటే వివరం అక్కర్లేదు. తనే చేతులు పదేపదే కడగడం, హోంవర్క్ చెరిపి చెరిపి రాయడం, పడుకునే ముందు ఏదో ఒకటి ఇన్నిసార్లు చేయాలని పట్టుబట్టడం కనిపిస్తే అప్పుడు తీసుకెళ్లండి. పిల్లల్లో తొందరగా పట్టుకుంటే బాగా కుదురుతుంది. ఇప్పుడు పాపకు మీరు చేయగల మేలు, మీరు ఒకసారి తాళం వేసి మెట్లు దిగడం తను చూడటమే.

మీ అత్తగారి మాటను మనసుకు పట్టించుకోకండి. చాదస్తం ఉన్నవాళ్లు తమ పద్ధతే సరైనదని మిగతావాళ్లను సాధిస్తారు. మీరు మిమ్మల్నే సాధించుకుంటున్నారు. తేడా ఆవిడకు చెప్పాల్సిన బాధ్యత మీ ఆయనది.

ఆయనకే నాలుగు మాటలు, ఈ భాగం ఆయన చేత చదివించండి. అయ్యా, మీరు ‘ఆపావులే’ అన్నప్పుడూ తప్పు చేయలేదు, అరిచినప్పుడూ నాకు మీ మీద కోపం రాలేదు. రోజూ పొద్దున్నే బండి స్టార్ట్ చేసి వీధిలో నిలబడటం ఎవరికైనా విసుగే. కానీ రెండూ పనిచేయవు. భరోసా ఇస్తే ఆవిడ రేపు ఇంకోసారి అడుగుతారు, అరిస్తే టెన్షన్ పెరిగి ఇంకోసారి చూసుకుంటారు. అలాగని ఇవాళ్టి నుంచి హఠాత్తుగా నోరు మూసుకుంటే అది శిక్షలా ఉంటుంది. ఇద్దరూ కూర్చుని ముందే ఒప్పందం చేసుకోండి. ఆవిడ అడిగినప్పుడు మీరు చెప్పాల్సిన జవాబు ఒకటే ఉండాలి, గొంతులో వెటకారం లేకుండా: ‘ఇది ఓసీడీ అడుగుతున్న ప్రశ్న, దీనికి జవాబు చెప్పొద్దని మనం అనుకున్నాం, పద వెళ్దాం.’ మొదటి రెండు మూడు వారాలు ఆవిడకు కోపం వస్తుంది, ఏడుస్తారు, మీరు మారిపోయారంటారు. అప్పుడు జాలిపడి ఒక్కసారికి చెప్పేస్తే పాత రోజులు తిరిగొస్తాయి. చెప్పకండి, పక్కన నిలబడండి. ఆవిడ బదులు మీరు వెళ్లి స్టవ్ చూసి రావడం కూడా మానండి. మెట్టు దాటిన రోజు గుర్తించి ఒక మంచి మాట అనండి. డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు మీరూ సెలవు పెట్టి వెంట వెళ్లండి. పొద్దున్న నిజంగా ఎంతసేపు పడుతోందో ఆవిడ సిగ్గుపడి తగ్గించి చెప్తారు, గడియారం చూసినవారు మీరు కాబట్టి మీరే చెప్పాలి.